పనీపాటా లేనివాళ్ళ తరఫున ఒక బహిరంగ లేఖ

తెలుగు పత్రికల్లో టెక్నాలజీ పేజీలు చూసే సంపాదకులకు, ఆ పేజీలకు రాసేవాళ్ళకు

నమస్కారం.

నేను బెంగళూరులో, కె.ఆర్. పురం టిన్ ఫ్యాక్టరీ దగ్గర పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసుకుని బతికే మనిషిని. సొంతూరు హిందూపురం పక్కన. ఇక్కడి కంపెనీలు కొన్నేళ్ళు వాడి వదిలేసిన మెషిన్లు లాట్లు లాట్లుగా బయటికొస్తుంటాయి. ఎస్.పి. రోడ్డులో వాటిని బేరమాడి తెచ్చుకుని, దుమ్ము దులిపి, కీబోర్డో బ్యాటరీయో మార్చి అమ్ముతాను. మీ పేజీలు వారం వారం చదువుతాను. చదివాక షాపులో బెంచీ మీద పడేస్తాను, రిపేరుకొచ్చి కూర్చున్నవాళ్ళు కూడా తిరగేస్తుంటారు. 2005 నుంచీ నేను వాడేది లైనక్స్, విండోస్‌కి బదులుగా ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ టైము కలిసొస్తుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత అప్‌డేట్లు ఆపేసింది కదా. ఆ వారం అన్ని పేపర్లూ 'మీ పాత కంప్యూటర్ సంగతేంటి?' అని రాశాయి. మంచి పనే. అందులో ఒక పేపరు అర పేజీ కేటాయించింది. ఏ పేపరో చెప్పను. చెబితే మిగతావాళ్ళు 'మేం కాదులే' అని ఊపిరి పీల్చుకుంటారు, ఈ జోకు నేను అందరి దగ్గరా చదివాను మరి. ఆ అర పేజీలో కొత్త ల్యాప్‌టాప్‌లు ఎలా ఎంచుకోవాలో మూడు కాలమ్‌లు రాశారు. కింద మూల ఒక చిన్న బాక్సు. అందులో గడ్డం పెంచుకున్న ఒకాయన నల్లటి తెర ముందు కూర్చున్న బొమ్మ. పక్కన ఈ మాట: 'వేరే పనీపాటా లేనివాళ్ళు లైనక్స్ వేసుకుని ప్రయోగాలు చేసుకోవచ్చు.'

చదివి నవ్వుకున్నాను. నాకు గడ్డం లేదు, పని మాత్రం బోలెడుంది. పక్కన పడేశాను.

నాలుగు రోజులకి షాపుకి ఒకావిడ వచ్చింది. గార్మెంట్స్‌లో పనిచేస్తుందట, షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. జిప్పు ఊడిన బ్యాగులోంచి ఒక పాత డెల్ తీసి బల్ల మీద పెట్టింది. ఆరో తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, లోపల తిరిగే హార్డ్ డిస్కు. స్విచ్ నొక్కి, బయట బండి దగ్గర టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ ఇంకా పూర్తిగా రాలేదు. డిస్కు దగ్గర చెవి పెడితే గడియారంలాగా టిక్కు టిక్కుమంటోంది. కొడుకు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ సైన్స్ మొదటి సంవత్సరమట.

"అన్నా, ఇది ఇంక పనికిరాదంట గదా. షోరూములో అడిగితే కొత్తది తీసుకోండి, నెలనెలా కట్టుకోండి అంటా ఉండారు" అంది.

"కొత్తది అక్కర్లేదక్కా. డిస్కు మార్చి, ఇంకో 4 జీబీ వేసి, లైనక్స్ ఎక్కిస్తాను. నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నాను.

ఆవిడ బ్యాగు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. మీ అర పేజీ. మడత విప్పి ఆ మూల బాక్సు మీద వేలు పెట్టింది.

"ఇదేనా అన్నా? ఇది పనీపాటా లేనోళ్ళు ఏసుకునేదని రాసినారే. మావోడు చదువుకోవాల గదా."

నేను ఇరవై ఏళ్ళలో ఎన్నో వెక్కిరింపులు తిన్నాను. ఆ వేలు చూసినప్పుడు మాత్రం మాట రాలేదు.

ఆమెది తప్పనడానికి లేదు. పేపర్లో అచ్చయిందంటే తెలిసినవాళ్ళు రాశారనే నమ్మకం. మీరు నన్ను వెక్కిరించారనుకుని రాశారు. నాకేం కాలేదు. ఆ జోకు టిన్ ఫ్యాక్టరీ దాకా నడిచొచ్చి, నెలనెలా ఈఎంఐ కట్టబోయే మనిషి నెత్తిన పడింది. మీకు ఉత్తరం రాయాలనిపించింది అందుకే.

ఆ అర పేజీలో లేని ఒక సంగతి ఆవిడకి నేను చెప్పాల్సి వచ్చింది. లైనక్స్ గురించి కాదు, విండోస్ గురించే. ఆమె మెషిన్ పాడవలేదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ కావాలి. ఆమెది ఆరో తరం. జాబితాలో లేదు, అంతే. ఇంకోటి, విండోస్ 10నే ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా, అప్‌డేట్లతో వాడుకునే దారి మైక్రోసాఫ్టే ఇచ్చింది. 30 డాలర్లు కట్టొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు సింక్ చేసుకుంటే డబ్బులు కట్టకుండానే వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకి మూడు కాలమ్‌లు రాసిన పేజీలో ఈ రెండు వాక్యాలకి చోటు దొరకలేదు. చుట్టూ ఏ ప్రకటనలు ఉన్నాయో నేను చూశాను, అది మీ కష్టం, నేను మాట్లాడను.

ఆమెకి రెండు దారులూ చెప్పాను. డిస్కు ఎలాగూ పోయేలా ఉంది, మార్చక తప్పదు. పిల్లాడు నేర్చుకునేది సీ, పైథాన్. ఆలోచించుకుని "సరే అన్నా, నీ మాట మీద ఏసుకుంటా" అంది. పేపరు మాట ఒకవైపు, నా మాట ఒకవైపు పెట్టి తూచిందన్నమాట. ఆ బరువు నాకిష్టం లేదు. తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ డిస్కు వేసి లైనక్స్ మింట్ అనే రకం ఎక్కించాను, అందులోనూ తేలిగ్గా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. టీ ముచ్చట అక్కర్లేదు, కుర్చీ జరుపుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చింది. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతేనా? నల్ల తెర ఏది?"

వెక్కిరింపు మాకు కొత్త కాదని అన్నాను కదా. అసలు మొదలుపెట్టింది మావాడే. 1991 ఆగస్టులో లీనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ కుర్రాడు తాను చేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ (తర్వాత లైనక్స్ అయింది అదే) గురించి మొదటిసారి బయటపెడుతూ, ఇది సరదాకి చేస్తున్నది, పెద్దగా ప్రొఫెషనల్‌గా ఏమీ ఉండదు అన్నట్టు రాసుకున్నాడు. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. మీ పేజీలు ఆ మాటని బాగానే ఎత్తి చూపించాయి. 2014లో అదే కంపెనీకి కొత్త అధిపతి, మన హైదరాబాద్ సత్య నాదెళ్ళ, వేదిక మీద 'మైక్రోసాఫ్ట్‌కి లైనక్స్ అంటే ప్రేమ' అన్నాడు. ఇప్పుడు విండోస్ లోపలే లైనక్స్ నడుపుకోవచ్చు, ఆ కంపెనీయే ఇస్తోంది. తిట్టిన నోరు మెచ్చుకుంటే మా ఇళ్ళల్లో పండగేమీ జరగలేదు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది. నాకు ఆశ్చర్యమల్లా ఒకటే. తిట్టినవాళ్ళు మాట మార్చుకున్నారు, ఆ తిట్టు అరువు తెచ్చుకున్న మీరు మాత్రం ఇంకా అక్కడే ఉన్నారు.

ఏటా జనవరిలో ఒక జోకు వస్తుంది, 'ఈ ఏడాదైనా లైనక్స్ డెస్క్‌టాప్ ఏడాది అవుతుందా?' అని. 2024 ఫిబ్రవరిలో, వెబ్‌సైట్లు చూసేవాళ్ళని లెక్కగట్టే స్టాట్‌కౌంటర్ లెక్కల్లో డెస్క్‌టాప్‌ల మీద లైనక్స్ వాటా మొదటిసారి 4 శాతం దాటింది. వందలో నలుగురు. మీరు దాన్ని కూడా నవ్వుతూనే రాశారు. నిజమే, చిన్న గుంపు. కానీ ఏ ఊళ్ళోనైనా వందమందిలో నలుగురు ఉంటే వాళ్ళకో వీధి ఉంటుంది, ఆ వీధికో పేరు ఉంటుంది.

ఇక్కడ మావాళ్ళ గురించి ఒక మాట. ఇలాంటి జోకు వచ్చినప్పుడల్లా మా కుర్రాళ్ళు ఎగిరి గంతేసి ఒకే సమాధానం చెబుతారు. నీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది లైనక్స్, ప్రపంచంలో అతి వేగమైన 500 సూపర్ కంప్యూటర్లలో 2017 నవంబర్ నుంచి అన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి, 2021లో అంగారకుడి మీద ఎగిరిన ఇన్‌జెన్యుటీ అనే చిన్న హెలికాప్టర్‌లో కూడా అదే ఉంది, ఇక నోరు మూసుకో అంటారు. అన్నీ నిజాలే. ఆ మాటకొస్తే మీ పేపరు వెబ్‌సైటుకి ఒక్క కమాండ్ కొడితే మీ సర్వర్ 'ఉబుంటు' అని తనే సమాధానం చెప్పింది, అదీ ఒక రకం లైనక్సే. నేను మాత్రం ఆ వాదన చెయ్యను. అంగారకుడి మీద హెలికాప్టర్ ఎగిరితే టిన్ ఫ్యాక్టరీలో ప్రింటర్ పనిచెయ్యదు. మీరు నవ్వింది డెస్క్‌టాప్ చూసి. సమాధానం కూడా డెస్క్‌టాప్ మీద నుంచే రావాలి.

కాబట్టి డెస్క్‌టాప్ సంగతే చెబుతాను. మీ గురించి కూడా.

2005లో నేను మడివాళలో ఒక సైబర్ కేఫ్‌లో పనిచేసేవాణ్ణి. ఎనిమిది కంప్యూటర్లు. పెన్ డ్రైవ్‌లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి, వాటితోపాటు వైరస్‌లూ వచ్చేవి. వారంలో రెండు మెషిన్లు ఫార్మాట్ కొట్టడమే నా ఉద్యోగం. ఉబుంటు వాళ్ళు సీడీలు పోస్టులో ఉచితంగా పంపుతారని ఎవరో చెబితే అడ్రసు పెట్టాను. కొన్ని వారాలకి నిజంగానే వచ్చాయి. అట్ట కవర్లో రెండు సీడీలు, ఒకటి ఇన్‌స్టాల్ చేసుకోవడానికి, ఒకటి ఊరికే పెట్టి చూడటానికి. స్టాంపు డబ్బులు కూడా అడగలేదు. పోస్టుమాన్ ఫారిన్ పార్సిల్ అని ఇరవై రూపాయలు పుచ్చుకున్నాడు, అదొక్కటే ఖర్చు. ఓనర్ని బతిమాలి ఎనిమిదో నంబరు మెషిన్‌లో వేశాను. ఆ రోజుల్లో ఉబుంటు తెర మట్టి రంగులో ఉండేది. కస్టమర్లు దానికి 'బురద కంప్యూటర్' అని పేరు పెట్టారు. మిగతా ఏడూ నిండితే తప్ప కూర్చునేవాళ్ళు కాదు. ఫార్మాట్ కొట్టే పని దానికి రాలేదు. కేఫ్‌లో ప్రింటర్ మాత్రం దాని మాట వినలేదు. ప్రింటు కావాలంటే ఫైలు తమకు తామే మెయిల్ చేసుకుని మూడో నంబరుకి వెళ్ళి కూర్చోవాలి. అదీ ఇదీ రెండూ గుర్తున్నాయి.

రాత్రి షట్టర్ సగం దించాక ఎనిమిదో నంబరులో నేను చేసిన పని, మన పేపర్లు చదవడం. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళు పెట్టుకునేవి గుర్తుందా? లోపల దాచేవి ఇంగ్లీషు, లాటిన్ గుర్తులు. పైన మీ సొంత ఫాంటు తొడిగితే తెలుగులా కనిపించేవి. ఆ ఫాంటు తనంతట తాను దిగేది విండోస్‌లో, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే. నా తెర మీద మీ మొదటి పేజీ మొత్తం కామాలు, తోకలున్న సీలు, తలకిందుల ప్రశ్నార్థకాలు. ముఖ్యమంత్రి ఏమన్నాడో ఆ చీమల పుట్టలో ఎక్కడో ఉంది. మీ సైటు అడుగున 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి' అని ఒక లైను. మా మొహాన మొదట తలుపేసింది మీరే అనొచ్చు.

అప్పుడు ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అని ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది. ఏ పత్రిక ఏ ఫాంటు వాడుతుందో, అందులో ఏ గుర్తు ఏ అక్షరమో పట్టికలు రాసుకుని, పేజీ తెరవగానే ఆ చీమల పుట్టని యూనికోడ్ తెలుగుగా, అంటే ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే తెలుగుగా మార్చేసేది. ఇది చేసినవాళ్ళ ఓపిక ఆలోచించండి. ఒక్కో పత్రికకి ఒక్కో పట్టిక. మీరు ఫాంటులో ఏదైనా మార్చినప్పుడల్లా అది తప్పు చూపించేది, సరిచేసేవాళ్ళు. దీనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. పద్మ పెట్టి, పోతన ఫాంటు వేసుకున్నాక ఆ రాత్రి మొదటిసారి మీ శీర్షికలు తెలుగులో కనిపించాయి. ఒత్తులు కొన్నిచోట్ల పక్కకి జారిపోయి ఉన్నాయి, 'స్త్రీ' అన్న మాట మూడు ముక్కలై కూర్చుంది. అయినా చదివాను. తర్వాత కొన్నేళ్ళకి మీరూ యూనికోడ్‌కి వచ్చారు, ఇప్పుడు ఎవరి దగ్గరైనా చక్కగా కనిపిస్తుంది. పనీపాటా లేనివాళ్ళు అని మీరు రాసిన మాట చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చినది ఆ పట్టికలే. ఆ పని లేనివాళ్ళు అప్పుడు చేసిన పని, మీ పేపరు చదవడం ఎలాగో కనిపెట్టడం.

ఇంకొకటి గుర్తుచేస్తాను. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞ' ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. జ్ఞ, దాని పక్కన కంటికి కనిపించని ఒక ముక్క, ఆపైన దీర్ఘం. ఈ వరస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు, మ్యాక్‌లు కుప్పకూలేవి. బయటి పత్రికలు ఎంత ముచ్చటపడి రాశాయో! ఐఫోన్‌ని చంపే అక్షరం అన్నాయి. ఎక్కడో పల్లెలో చేతబడి అక్షరం దొరికినట్టు. అప్పుడు మీరు రాసింది నా దగ్గర కటింగ్ ఉంది. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీయడం చేతకాని సాఫ్ట్‌వేర్‌ది అని రాశారు. బాగా రాశారు. కొద్ది రోజుల్లోనే యాపిల్ ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది కూడా. ఆ రోజు మనం ఎలా ఫీలయ్యామో ఒక్కసారి తలుచుకోండి. తెలియని మనిషి దూరం నుంచి చూసి నవ్వితే ఒళ్ళు మండింది కదా. నల్ల తెర ముందు గడ్డపాయన బొమ్మ చూస్తే మాకు సరిగ్గా అంతే.

తిట్టదగ్గ చోట కూడా మీరు సగమే రాస్తారు, అది ఇంకో బాధ. 2024 మార్చి చివర్లో వచ్చిన ఎక్స్‌జెడ్ గొడవ తీసుకోండి. ఫైళ్ళని కుదించే ఒక చిన్న ప్రోగ్రాం అది, లైనక్స్ మెషిన్లు చాలావాటిలో ఉంటుంది. చూసుకునేది దాదాపు ఒకే ఒక్క మనిషి, అదీ ఖాళీ టైములో. సాయం చేస్తానని ఎవరో వచ్చి, రెండేళ్ళకు పైగా బుద్ధిమంతుడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, ఒకరోజు లోపల దొంగ తలుపు పెట్టేశాడు. మీరు 'ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొంగ తలుపు, కోట్ల కంప్యూటర్లకి ముప్పు' అని రాసి వదిలేశారు. ఊరికే వచ్చేదాంట్లో ఇంతే ఉంటుందన్న ధోరణి.

కథ అక్కడే మొదలవుతుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లోనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద ఏదో పరీక్ష చేసుకుంటున్నాడు. దూరం నుంచి ఒక మెషిన్‌లోకి లాగిన్ అయితే మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకను! మన బెస్కామ్ కరెంటు వచ్చీ పోయే టైములో ఎవరు గమనిస్తారు? ఆయన గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. కోడ్ అంతా బయటే ఉంది కాబట్టి అడుగుదాకా తవ్వగలిగాడు, దొంగ తలుపు దొరికింది, మార్చి 29న అందరికీ చెప్పేశాడు. డెబియన్, ఫెడోరా అనే లైనక్స్ రకాల్లో జనం మామూలుగా వాడే స్థిరమైన విడుదలల్లోకి అది ఇంకా చేరలేదు, పరీక్షకి పెట్టిన వెర్షన్లలోనే దొరికిపోయింది. దీంట్లో మమ్మల్ని తిట్టాల్సిన మాట ఒకటి గట్టిగా ఉంది. కోట్లమంది ఆధారపడే ప్రోగ్రాంని ఒక్క మనిషి ఖాళీ టైముకి వదిలేసింది ఎవరు? మేమందరం. అది మీరు రాయలేదు. అర సెకను సంగతీ రాయలేదు. అదే ఏడాది జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్ళి సుమారు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెరలై, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు మాత్రం గంటకో కథనం, పాపం ప్రయాణికులు అంటూ ఎంత శ్రద్ధగా రాశారో. విండోస్ మీద జోకు ఒక్కటి లేదు. ఆ రోజు జోకులు వేసింది మావాళ్ళు. అది కూడా నాకు నచ్చలేదు, ఎయిర్‌పోర్టులో నిలబడ్డ ముసలామెకి ఏ సిస్టమ్ అయితే ఏమిటి.

మావాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి దాచుకోకుండా చెబుతాను. ఈ వెక్కిరింపులో సగం మేం చేతులారా తెచ్చుకున్నది. కొత్తగా వచ్చినవాడు వైఫై రావట్లేదని అడిగితే 'ముందు మాన్యువల్ చదువు' అనేవాళ్ళు మాలో ఉన్నారు. ఏ రకం లైనక్స్ వేసుకోవాలని అడిగితే పదిమంది పన్నెండు పేర్లు చెబుతారు, తర్వాత వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటారు, అడిగినవాడు మెల్లగా జారుకుని కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుంటాడు. ఐఐఎస్సీలో ఒకప్పుడు 'లైనక్స్ బెంగళూరు' అని పెద్ద సమావేశాలు జరిగేవి, 2001లో మొదలైనవి. తర్వాత ఫాస్.ఇన్ అని పేరు మార్చుకున్నాయి. ఒకసారి వెళ్ళాను. మహామహుల మాటలు విన్నాను, ఒక్క ముక్క అర్థం కాలేదు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడ్డాను. పక్క కుర్చీలో కూర్చున్న కర్నూలు అబ్బాయి కూడా తనకేమీ అర్థం కాలేదని టీ బ్రేకులో చెప్పాక గాని నాకు ప్రాణం లేచి రాలేదు.

మా కస్టమర్లలో కొందరికి నేనే వద్దని చెబుతాను. లెక్కలు ట్యాలీలో రాసుకునేవాళ్ళకి వద్దు. ట్యాలీ కంపెనీ ఈ బెంగళూరుదే, అయినా దాన్ని నేరుగా లైనక్స్‌లో వేసుకునే వీలు లేదు. తిప్పలుపడి నడిపించొచ్చు, మార్చి నెలాఖరులో ఆ తిప్పలు ఎవరికీ పెట్టను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు చేసే డీటీపీ వాళ్ళకి అసలే వద్దు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్‌కి డ్రైవర్ వెతకాలి, వెతకడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి డ్రైవర్ కావాలి. వేలిముద్ర పెట్టే చోటు చాలా మెషిన్లలో అలంకారానికే. మూత మూస్తే నిద్రపోయి మళ్ళీ లేవని ల్యాప్‌టాప్ నా షాపులోనే ఒకటుంది, దానికి కుంభకర్ణుడని పేరు.

ఇవన్నీ రాయండి. ఇవి రాస్తే నేను కటింగ్ చేసి షాపులో గోడకి అంటిస్తాను. వచ్చినవాళ్ళకి చూపించి, 'చూడండి, ఇందులో మీ పని ఏదైనా ఉందా? ఉంటే వద్దు, లేకపోతే వేసుకోండి' అని చెబుతాను. నాకు సగం వాగుడు తగ్గుతుంది. గడ్డపాయన బొమ్మతో ఎవరికీ ఏమీ తెలియదు.

పక్క రాష్ట్రం కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళుగా లైనక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు, పదో తరగతి ఐటీ పరీక్ష కూడా దాని మీదే రాస్తారు. పదిహేనేళ్ళ పిల్లలకి గడ్డాలెక్కడివి? మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నైలో తయారుచేసిన బాస్ లైనక్స్‌లో తెలుగు ఎప్పటి నుంచో ఉంది. మీ పేజీలో ఈ రెండింటి గురించీ ఎప్పుడైనా వివరంగా చదివానా అని నా కటింగులన్నీ తిరగేశాను. దొరకలేదు. నేను చూడని రోజు వేసి ఉంటే క్షమించండి, పంపండి.

నేను కోరేది పొగడమని కాదు. మీ ఆఫీసులో మూలపడ్డ ల్యాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. దాంట్లో ఏదో ఒక లైనక్స్ వేసుకుని, ఒక వారం మీ వార్తలు దాంట్లోనే టైపు చేయండి. తెలుగు కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది, ఇన్‌స్క్రిప్ట్ అలవాటైతే ఐదు నిమిషాల పని. ఏడో రోజు ఏమనిపిస్తే అది రాయండి. చిరాకేస్తే చిరాకే రాయండి. ఆ వ్యాసానికి మాత్రం నల్ల తెర బొమ్మ వేయకుండా, ఏడు రోజులు మీ కళ్ళెదుట ఉన్న తెరనే ఫొటో తీసి వేయండి.

వేసుకోవడం రాకపోతే షాపుకి రండి. ఆదివారం మధ్యాహ్నం దాకా తీసే ఉంటాను. ఆ వ్యాసం రాసినాయన వస్తే మరీ సంతోషం, పేరు చెప్పక్కర్లేదు. టీ నాది. గార్మెంట్స్ అక్క కొడుకు ఆదివారాలు ఇక్కడే ఉంటున్నాడు ఈ మధ్య. పోయిన వారం తన మెషిన్‌లో ఏదో కెలికి తెర అడుగున ఉండే ప్యానెల్ మొత్తం మాయం చేసుకుని వచ్చాడు, తనే వెతుక్కుని తిరిగి తెచ్చుకున్నాడు. మీ ల్యాప్‌టాప్ వాడి చేతే చేయిస్తాను.

ప్రింటర్ మాత్రం తేవద్దు.

ఇట్లు
మీ పాఠకుడు,
పాత ల్యాప్‌టాప్‌ల షాపు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర,
కె.ఆర్. పురం, బెంగళూరు